కాళ్ళు జాగ్రత్త

గాలి లేవకముందే రంగు కొట్టెయ్యాలి. ఓటా ఊళ్ళో చలికాలం కాస్త పొద్దెక్కిందంటే అకగి కొండ మీంచి పొడిగాలి దిగుతుంది. అది ఎక్కడి దుమ్మునూ అక్కడ ఉండనివ్వదు. తడిరంగు కనిపిస్తే మరీను. అందుకే మోరియో తెల్లవారుతూనే వసారాలో పాత పేపర్లు పరుచుకుని, ఒళ్ళో మూత పెట్టుకుని రుద్దుతున్నాడు.

కారు ఇంజనుకు గాలి అందించే పెట్టెకు పైమూత అది. అల్యూమినియం పోత. పాతకార్లు బాగుచేసే నెగిషి పంపాడు. పోతలో మిగిలిన బొడిపెలన్నీ మోరియో నిన్ననే ఆకురాయితో తీసేశాడు. ఇవాళ తడిపిన ఉప్పుకాగితంతో నునుపు. వేలు పట్టని మూలల్లో, అన్నం తినే వెదురుపుల్లకు ఉప్పుకాగితం చుట్టి రుద్దుతాడు. తర్వాత కళ్ళు మూసుకుని బొటనవేలితో తడుముతాడు. పోత కార్ఖానాలో ఉద్యోగమున్నన్నాళ్ళూ చేసింది ఇదే, కార్ఖానా మూతపడ్డాక ఇంటికి తెచ్చుకున్నదీ ఇదే. ఆయన చేతిమీదుగా వెళ్ళిన మూతలు ఏయే దేశాలు తిరిగాయో గానీ, ఆయన మాత్రం సైకిలు దాటి ఎరగడు.

"ఏమండీ, ఎవరి పెళ్ళికండీ దానికా ముస్తాబు?" లోపలినుంచి భార్య కినుయె అడిగింది.

"నెగిషి కారుకి."

"ఎర్ర రంగేనా?"

"ఎర్రదే."

"బావుంటుంది."

కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. మోరియో మళ్ళీ అదే జవాబు చెప్పాడు. విసుగు ఎప్పుడో అరిగిపోయింది. గుమ్మం పక్కన ఆమె బట్టల సంచి సర్ది ఉంది. భోజనాలయ్యాక వృద్ధుల ఆశ్రమం బండి వస్తుంది. పొయ్యి మీద గిన్నె మాడిపోయినా, ఆమె దారితప్పి రైలు గేటు దాకా వెళ్ళినా ఆయన ఓర్చుకున్నాడు. కానీ మొన్న స్నానాలగదిలో జారిపడితే లేపలేకపోయాడు. ఇనుము మోసిన చేతులు పెళ్ళాన్ని లేపలేకపోయాయని పక్కింటివాళ్ళను కేకేస్తుంటే ఆయనకు ఏడుపొచ్చింది. ఆ మర్నాడే ఆశ్రమం కాగితాల మీద సంతకం పెట్టాడు.

మూత కడిగి, థిన్నరు గుడ్డతో తుడిచి, దండేనికి వేలాడదీసి దట్టంగా రంగు కొట్టాడు. ముడతల రంగు. వెచ్చదనం తగిలితేనే అది సన్నగా ముడతలు పడి, తోలులా అందంగా ఆరుతుంది. చలికాలం ఇంట్లో వెచ్చనిచోటు ఒకటే, కొతత్సు. కింద హీటరు బిగించి, చుట్టూ బొంత కప్పిన ఆ పొట్టిబల్ల కిందే వాళ్ళ కాపురమంతా గడిచింది. కాళ్ళూ అక్కడే, ఇటుకల మీద ఆరబెట్టే రంగు మూతలూ అక్కడే. ఇవాళ్టి మూతనూ అక్కడికే చేర్చాడు. అందుకే ఆ ఇంట్లో పలకరింపు "కాళ్ళు జాగ్రత్త!"

పెళ్ళయిన కొత్తలో చలికి వణుకుతూ వచ్చి, చూసుకోకుండా కాళ్ళు జొనిపింది కినుయె. మూత మీద అయిదు వేళ్ళూ పడ్డాయి. ఎడమకాలి చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి ఉంటుంది ఆమెకు, అదీ అచ్చు దిగింది. ఆయన అరిస్తే, "సంతకం పెట్టానండీ, పని ఇద్దరిదీ కదా" అని పడీపడీ నవ్వింది. ఆ తర్వాత కూడా అడపాదడపా సంతకాలు పడుతూనే ఉండేవి. ప్రతిసారీ ఆయన తిట్టుకుంటూ రంగంతా గోకి, మళ్ళీ మొదలుపెట్టేవాడు. అన్నీ తన చేత్తోనే చెరిపేశాడు. ఒక్కటి ఉంచుకుంటే ఏం పోయేది!

మధ్యాహ్నం మిసో పులుసులో ముల్లంగి ముక్కలేసుకుని ఇద్దరూ తిన్నారు. గాలి లేచి తలుపులు దడదడలాడుతున్నాయి. కినుయె మేజోళ్ళు విప్పేసింది. అవి ఉంటే కాళ్ళు వెచ్చబడవని ఆమె వాదం. బల్ల దగ్గర చతికిలబడి, బొంత ఎత్తింది.

మాట మోరియో నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

బల్ల కింద మూత ఇటుక మీద టక్కుమంది.

కమలాపండు ఒలుస్తూ కినుయె ఉన్నట్టుండి తలెత్తింది. "ఇవాళ కాళ్ళు జాగ్రత్త అనలేదేం?"

"అన్నాను. నువ్వే మర్చిపోయావు."

"అలాగా!" అని, పండులో సగం ఆయన చేతిలో పెట్టింది.

బండి చప్పుడయ్యాక ఆయనే ఆమె కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని మేజోళ్ళు తొడిగాడు. చిటికెనవేలికి అంటిన ఎరుపు తుడవబుద్ధి కాలేదు. ఆశ్రమం నుంచి వచ్చిన అమ్మాయి, "బామ్మగారూ, మెట్టు చూసుకోండి" అంటూ చెయ్యి పట్టుకుంది. కినుయె బండెక్కి కిటికీలోంచి చూసింది.

"మీరెక్కరేం?"

"రంగు ఆరాలిగా. ఆరాక వస్తా."

"ఆలస్యం చెయ్యకండి. అక్కడ చలేమో."

బండి మలుపు తిరిగేదాకా మోరియో దుమ్ములోనే నిలబడ్డాడు. లోపలికొచ్చి, బొంత ఎత్తి చూసి, నెగిషికి ఫోన్ చేశాడు.

"ఆ మూత ఇవ్వలేనయ్యా. పాడైంది. ఇంకోటి పంపించు, ఊరికే చేసిస్తాను."

"మీ చేతిలో పాడవడమా! దాన్నే గోకి మళ్ళీ కొట్టెయ్యరాదూ?"

"గోకను" అన్నాడు మోరియో.

ఫోన్ పెట్టేసి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇల్లంతా రంగు వాసన, కమలాతొక్కల వాసన. "కాళ్ళు జాగ్రత్త" అని తనకే చెప్పుకుని, కాళ్ళు మెల్లగా ఓ పక్కకు చాపుకున్నాడు. బొంత కింద, హీటరు వెలుగులో ఎర్రటి మూత సన్నగా ముడతలు పడుతోంది. ఒక మూల మాత్రం అయిదు వేళ్ళ గుంటలు, అందులో చిటికెనవేలు పక్కవేలి మీదికెక్కి ఉంది.