బొటనవేలికంటిన వెన్నెల

ఖటోదరా అనే కార్ఖానాల పేటలో మగ్గం నడిపే రాజలింగం ఏ బట్ట కనబడినా బొటనవేలితో రుద్ది చూడందే ఊరుకోడు. ఆ ఉదయం పనికి బయల్దేరుతూ, కూతురు తిరుమల కాన్వాసు మీద వేసిన తాపీ నది ముందు ఆగిపోయాడు. నల్లటి నీళ్ల మీద వెన్నెల అచ్చం వెండి జరీలా మెరుస్తోంది. చెయ్యి ఆగలేదు, రుద్దాడు. ఆయిల్ రంగు ఇంకా ఆరలేదు. వెన్నెల చెదిరి వేలికంటుకుంది.

"తప్పయింది బిడ్డా. జరీ పోగు లెక్కనే కనబడ్డది కంటికి," అన్నాడు నొచ్చుకుంటూ.

తిరుమల సరిదిద్దుదామని కుంచె అందుకుంది. బొమ్మను కాసేపు చూసి, కుంచె మళ్లీ పక్కన పెట్టేసింది.

"గిప్పుడు నీళ్లు కదులుతున్నయి నాయినా. గట్లనే ఉండనీ."

కార్ఖానాలో ఆ పూట నల్ల చీర నేశాడు రాజలింగం. దానికి మరక అంటకుండా బొటనవేలు పైకెత్తి పట్టుకునే మగ్గం నడిపాడు గాని, వేలు మాత్రం కడుక్కోలేదు.