సాన్ హువాన్ ఎండ, అర టమాటా

నాకు ముక్కు మీద కోపం. మా తాందిల్ ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు, బట్టలు కుట్టే ఒతీలియా దగ్గర కొలతలు ఇచ్చి ఊరుకోవాలి, మాట కలపకూడదని. అందుకే నేనూ మా అక్క దెల్ఫీనా ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదంటే ఎవరూ వింతగా చూడలేదు. మా ఇద్దరి మధ్యా మిగిలింది ఒక తాబేలు.

దాని పేరు పెత్రా. నాన్న రాళ్ళ క్వారీలో పనిచేసే రోజుల్లో, రైల్లో అమ్ముకోడానికి వచ్చినవాడి దగ్గర తీసుకున్నాడు. నాకప్పుడు ఏడేళ్ళు, ఇప్పుడు అరవై ఒకటి. అమ్మ పోయేముందు దాని పంపకం కూడా చేసింది. ఎండాకాలం అక్క దగ్గర, అక్కకి తోట ఉంది కనక. చలికాలం నా దగ్గర, నా వెనకగది చల్లగా ఉంటుంది కనక. చలి నెలలు తాబేలు కన్ను తెరవకుండా నిద్రపోవాలి. అక్క వాళ్ళింట్లో గొట్టంలో గ్యాసు వస్తుంది, గదిగదికీ హీటరే. అక్కడ దానికి నిద్ర పట్టదు, అలా అని మెలకువా ఉండదు, చిక్కి శల్యమైపోతుంది.

ఏటా ఏప్రిల్ చివర, భూమికి ఈ దక్షిణపు కొసన చలి మొదలవగానే, మా బావ అబెలార్దో అట్టపెట్టె పట్టుకుని నా గుమ్మంలోకి వస్తాడు. అక్క కారులోనే కూర్చుంటుంది, అద్దం కూడా దించదు. "ఇదిగో పెత్రా" అంటాడు బావ. "ఇలా ఇవ్వు" అంటాను. సెప్టెంబరులో మళ్ళీ వస్తాడు. "ఏదీ పెత్రా" అంటాడు. "ఇదిగో" అంటాను. మా చుట్టరికం అంతే.

అమ్మ ఆగస్టులో పోయింది. నా ఇంట్లోనే, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి. శవం దగ్గర బంధువులందరి ముందూ అక్క అంది: "ఈ ఐసుగడ్డ కొంపలో పెట్టుకుని అమ్మని చలికి చంపేసింది." నా చేతిలో కాఫీ కప్పుంది, నేలకేసి కొట్టాను. అప్పట్నుంచి మాటల్లేవు. నాకు బాధ అక్క మీద కోపం వచ్చినందుకు కాదు. ఆ మాట నిజమేమోనని. ఆరు చలికాలాలు ఆ పెట్టెకి కాపలా కాశాను. రోజుకి పదిసార్లు వెనకగదిలోకి వెళ్ళి చూసేదాన్ని. పెత్రా నా ఇంట్లో చచ్చిందంటే ఇక అక్క మాటకి తిరుగుండదు. నేను కూడా నమ్మేస్తాను.

ఈ ఏడు జూన్‌లో సాన్ హువాన్ పండక్కి ఎండ కాసింది. చిట్టి వేసవి అంటారు మావాళ్ళు, నడిచలిలో నాలుగు రోజులు ఎక్కడ్నించో వెచ్చదనం వచ్చి పోతుంది. కిటికీలు తీశాను. మధ్యాహ్నం పెట్టెలో కాగితాలు గరగరమన్నాయి. వెళ్ళి చూస్తే పెత్రా తల పైకెత్తి నన్ను చూస్తోంది.

ఈ ఎండకి లేచిన తాబేలుకి తిండి పెట్టకూడదు. మా ఇంట్లో పసిపిల్లకి కూడా తెలుసు. వారం తిరక్కుండా చలి మళ్ళీ వస్తుంది, కడుపులో తిండి అరక్క కుళ్ళుతుంది, ప్రాణం తీస్తుంది. అమ్మ వెయ్యిసార్లు చెప్పింది. అన్నీ తెలిసే పెట్టాను. ఆ ముందు రెండు రోజులు నాతో ఒక్క మనిషి మాట్లాడలేదు. పెరట్లో ఎండలో కుర్చీ వేసుకుని, దాన్ని పక్కన పెట్టుకుని, అర టమాటా, నాలుగు లెట్యూస్ ఆకులు ముందుంచాను. గడ్డమంతా రసం కారుతుంటే తింది. నాకు నవ్వొచ్చింది. ఊళ్ళో సంగతులన్నీ దానికి చెప్పాను. మర్నాడు కూడా పెట్టాను. మూడో రోజూ పెట్టాను. బుద్ధి గడ్డి తినడమంటే ఇదే.

జూలై ఒకటిన మంచుదేశాల దక్షిణపు గాలి మొదలైంది. తెల్లారేసరికి కుళాయి గడ్డకట్టింది. పెత్రా డొప్పలోకి ముడుచుకుంది. నాలుగో రోజుకి దాని కళ్ళు ఉబ్బాయి, పెట్టెలోంచి పులిసిన వాసన. పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను.

"తినిపించారా?" అన్నాడు.

"కొంచెం."

"ఇంక నిద్రపుచ్చకండి. కడుపు ఖాళీ అయ్యేదాకా పగలూ రాత్రీ వెచ్చగా ఉంచాలి. గోరువెచ్చటి నీళ్ళలో కూర్చోబెట్టండి. చల్లబడిందా, చెయ్యి దాటిపోయినట్టే."

వెచ్చగా ఉంచాలట, నా ఇంట్లో. ఉన్నది ఒక్కటే పొయ్యి హీటరు, గ్యాసు బండ మీద నడిచేది. మంచం వంటింట్లోకి లాగాను, తలుపులకి దుప్పట్లు కట్టాను. పెత్రాని నా కడుపు మీద పెట్టుకుని అమ్మ ఉన్నిశాలువాతో బిగించి కట్టుకున్నాను. కూర్చునే నిద్రపోయేదాన్ని. అలాగే బడిపిల్లలు యూనిఫాంగా వేసుకునే తెల్లకోట్లు కుట్టాను. కోటు తీసుకోడానికి వచ్చినావిడ నా పొట్ట చూసి, "ఈ వయసులో ఎన్నో నెలమ్మా?" అంది. "నీ మొగుణ్ణే అడుగు" అన్నాను. మళ్ళీ రాలేదు.

రోజుకి రెండుసార్లు నీళ్ళలో పెట్టాను. ఏమీ బయటికి రాలేదు. ఎనిమిదో తారీకు సాయంత్రం మంట నీలంగా చిన్నదై ఆరిపోయింది. బండ అయిపోయింది. మర్నాడు తొమ్మిది, మా దేశపు స్వాతంత్ర్య దినం. బండ తెచ్చేవాడు రాడు. డాక్టరు ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. పక్కిళ్ళు మూడు తట్టాను. అందరి పొయ్యి మీదా పండగ కూర ఉడుకుతోంది, "రెండు రోజులాగు ఒతీలియా" అన్నారు. పెత్రా కాళ్ళు ముట్టుకుంటే రాయిలా ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది, ఎవరి మీద చూపించుకోవాలో తెలీలేదు. కోటు గుండీలు పెట్టుకుని పద్నాలుగు వీధులు నడిచి అక్క ఇంటికి పోయాను.

బావ తలుపు తీశాడు. నా మొహం చూసి, పొట్ట చూసి నోరు తెరిచాడు.

"ఒక్క మాట కూడా అనకు బావా" అన్నాను.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఎంత ముసలిదైపోయింది. కారు అద్దంలోంచి తెలియలేదు.

"ఏంటే అది?"

"పెత్రా. ఎండకి లేచింది. మళ్ళీ పడుకోవడం లేదు. నా గ్యాసు అయిపోయింది."

"ఇలా తే." చేతుల్లోకి తీసుకుని కళ్ళు చూసింది, తోక దగ్గర వాసన చూసింది. "తినిపించావా?"

ఆ వంటింట్లో చొక్కా చేతులు మడుచుకునేంత వెచ్చగా ఉంది. పొయ్యి మీద గుమ్మడికాయ, మొక్కజొన్నలు కుతకుతమంటున్నాయి.

"లేదు" అన్నాను.

"ప్రమాణంగా?"

"లేదంటున్నాగా."

ఇంక అడగలేదు. వెడల్పాటి గిన్నెలో నీళ్ళు కాచి పోసి, మోచెయ్యి ముంచి చూసి, పెత్రాని గడ్డం దాకా దింపింది. ఇద్దరం చెరోపక్కా కూర్చున్నాం. నీళ్ళు చల్లారితే అక్క మళ్ళీ వేడివి కలిపేది. బావ రెండు గిన్నెల్లో కూర తెచ్చి పెట్టాడు. "తినండి" అన్నాడు. "కొట్టుకోడానికైనా ఒంట్లో సత్తువ ఉండాలిగా." ఇద్దరం ఒకేసారి అతన్ని చూశాం. గిన్నెలు అక్కడే పెట్టి అవతలికి పోయాడు.

రెండు గంటలు గడిచాక పెత్రా మెడ పొడుగ్గా చాపింది. లేస్తోందనుకున్నాను. నోరు తెరిచింది, గాలి కోసం అన్నట్టు, మళ్ళీ తెరిచింది. తర్వాత మెడ నీళ్ళలోకి వాలిపోయింది. అక్క చప్పున ఎత్తి వెనక్కాలు లాగింది. కాలు వెనక్కి ముడుచుకోలేదు. కంటి మీద వేలు పెట్టింది. రెప్ప కదల్లేదు. తువ్వాలులో చుట్టి గుండెకి పొదువుకుని చాలాసేపు రుద్దింది. "పెత్రా, పెత్రా" అంటూనే ఉంది, అమ్మ పిలిచినట్టే సాగదీసి.

తర్వాత తువ్వాలుతో సహా బల్ల మీద పెట్టింది.

"నీళ్ళు ఎక్కువ వేడి పోశాను" అంది. "మోచెయ్యి పెట్టే చూశాను కదా. చివర్లో ఇంకో గిన్నెడు పోశాను, అదే ఎక్కువైంది. నీ దగ్గర అన్ని చలికాలాలు బతికింది. నా ఇంటికొచ్చిన రెండు గంటల్లో నేనే చంపేశానే ఒతీ."

ఉన్నదున్నట్టు చెబుతాను. నాకు లోపల ఒక బరువు దిగింది. ఆరేళ్ళుగా నేను కోరుకుంది ఇదే. అది వెచ్చటి ఇంట్లో పోయింది, అక్క చేతుల్లో పోయింది. నేను నోరు మూసుకుని కూర్చుంటే చాలు, ఇకమీద మోసేది తను. కూర్చున్నాను. బావ వచ్చి చూసి, పొయ్యి ఆర్పేసి, కుర్చీలో కూలబడేదాకా నేను నోరు మెదపలేదు.

అక్క మోచెయ్యి మళ్ళీ నీళ్ళలో ముంచింది. తీసింది, తుడుచుకుంది, మళ్ళీ ముంచింది. ఎంత వేడిగా ఉండి ఉంటుందో కొలుచుకుంటోంది. అదేంటో నాకు తెలుసు. అమ్మ పడుకున్న గది గోడకి చెయ్యి ఆనించి ఎంత చల్లగా ఉందో చూసుకోకుండా నాకు చలికాలంలో ఏ రోజూ తెల్లారలేదు. ఆ జబ్బు పగవాళ్ళకి కూడా వద్దు.

"అక్కా, ఆ నీళ్ళు వదిలెయ్. నేను తినిపించాను."

తిట్టిపోస్తుందనుకున్నాను. మోచెయ్యి నీళ్ళలోనే ఉంది.

"ఎంత?"

"అర టమాటా, నాలుగు ఆకులు. మూడు రోజులు."

"ఇష్టంగా తిందా?"

"ఆ. గడ్డమంతా పూసుకుని తింది."

అక్క చెయ్యి పైకి తీసి, చిరాకుగా కాదు, మెల్లగా చొక్కా చెయ్యి కిందికి దించుకుంది. గుండీ పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. నా వైపు చూడకుండానే అడిగింది:

"అమ్మ చివర్లో ఏమైనా తిందా? నేనెప్పుడూ నిన్ను అడగలేదు."

"పాయసం అడిగింది" అన్నాను. "రెండు చెంచాలు తింది. నేనే తినిపించాను."