చెవులక్క నోరు

చెవులక్క మీట నొక్కి రికార్డింగు ఆపింది. ముఠా నాయకుడు వాళ్లమ్మతో మాట్లాడుతున్నాడు. నేరంతో పనిలేని ఇంటి మాటలు రికార్డు చేయకూడదు, వినకూడదు. రికార్డింగు ఆగింది గానీ ఆమె చెవులు ఆగలేదు.

"ఆ ఎర్ర దగ్గుమందు తాగకురా, ఒళ్లంతా దద్దుర్లొస్తాయ్ నీకు," అంటోంది తల్లి.

"సరేలేమ్మా," అని కొడుకు దగ్గాడు.

గోడలకు చెవులుంటాయంటారు. దేశమంతటా ముఠాలను వేటాడే ఆ పోలీసు సంస్థలో వాటికి నెలజీతం కూడా ఉంది. కిటికీ లేని గదిలో, హెడ్‌ఫోన్ల ఒత్తిడికి చెవులు కందిపోయినా ఆమె ఏళ్ల తరబడి వింటూనే ఉంది. వినేవాళ్లకు ఫొటోలు చూపించడం అక్కడ ఆనవాయితీ కాదు. అందుకే వాడి ముఖం ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. గొంతు మాత్రం సొంత మరిది గొంతుకన్నా బాగా తెలుసు, పాపం.

మధ్యాహ్నం భర్తకు బీపీ మాత్రలు కొనడానికి ఇంటి దగ్గర మందుల షాపుకు వెళ్లింది. ముందు నిలబడ్డ మనిషి దగ్గి, మందడిగాడు. షాపతను ఎర్ర సీసా తీశాడు.

"అది వద్దు బాబూ, నీకు పడదుగా," అంది చెవులక్క.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. అతను వెనక్కి తిరిగాడు. నున్నగా దువ్విన తల, మెత్తటి చూపు, అచ్చం బడిపంతులులా ఉన్నాడు.

"నాకు పడదని మీకెవరు చెప్పారండీ?"

"మా ఆయనకు పడదు... ఆ అలవాటులో అనేశాను."

"అలాగా. ఇల్లు ఇక్కడేనా?"

"పక్క వీధేనండీ," అన్నాడు షాపతను, ఆమె నోరు తెరిచేలోగా.

ఆఫీసుకు తిరిగొచ్చి మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. అదే గొంతు, ఈసారి అనుచరుడి ఫోనులో. ఆ లైనూ సంస్థ వింటున్నదే.

"ఆ సంగతి మా అమ్మతో తప్ప ఎవరితోనూ అనలేదు. నా ఫోను వింటున్నార్రా. మందుల షాపు పక్క వీధిలో ఉంటుందట, ఎవత్తో కనుక్కో. ముందు ఆ కొత్త డ్రైవర్ని కూర్చోబెట్టి అడుగు."

లైను తెగింది. ఆ డ్రైవరు ముఠాలోకి పంపిన సంస్థ మనిషే. రేపటిదాకా ఈ రికార్డు ఎవరూ అడగరు. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది, అతను పోతాడు. చెవులక్క లేచి, పరుగులాంటి నడకతో పెద్దాఫీసరు గదిలోకి వెళ్లింది.

"సార్, డ్రైవర్ని ఇప్పుడే బయటికి లాగేయండి. నా నోరే కొంప ముంచింది."

ఆయన తిట్టలేదు. ఫోను తీశాడు. పొద్దువాలుతుండగా, "మనవాడు బయటపడ్డాడు. ఇక మీరు," అన్నాడు.

"మా ఆయనకేం చెప్పను సార్?"

"ఏమీ చెప్పొద్దు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేయండి. మళ్లీ ఆ ఇంటికి వెళ్లరు."

భర్త దర్జీ. ముందుగదిలో మిషను తొక్కుతున్నాడు.

"ఎక్కడికే?" అన్నాడు.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన ఆమె ముఖం చూశాడు. ఇంకేమీ అడక్కుండా చెప్పులు వేసుకున్నాడు. వీధి చివర వ్యాను తలుపు మెల్లగా మూసుకుంది.

సూది కింద ఎవరిదో చొక్కా ఉండిపోయింది. ఒక చెయ్యి కుట్టడం అయింది, రెండోది గుండుసూదులతో మిషను అంచున వేలాడుతోంది.