పుస్తకంతో పెళ్ళిచూపులు

రిత్విక్‌కి పెళ్ళిచూపులంటే ఒళ్ళు మంట. జంతికలు తినడం, పిల్లని పాట పాడమనడం, అదంతా పశువుల సంత అని ఆఫీసులో ఉపన్యాసాలిచ్చేవాడు. అలాంటి మహానుభావుడు చేసిందేమిటయ్యా అంటే, తను మనసుపడ్డ ధాత్రి చేతిలో ఒక నవల పెట్టి, చదివి ఎలా ఉందో చెప్పమన్నాడు. ఆమెకి నచ్చితే పెళ్ళి మాట ఎత్తాలనీ, నచ్చకపోతే నోరు మూసుకోవాలనీ తనలో తాను తీర్మానించుకున్నాడు. ఈ సంగతి మాత్రం ధాత్రికి చెప్పలేదు.

అది నలభై ఏళ్ళ కిందటి ఇంగ్లీషు నవల. మెదడుకి తీగ తగిలించుకుని, కంప్యూటర్ల లోకంలోకి దూరి రహస్యాలు దొంగిలించే ఒకడి కథ. హనుమకొండలో ఇంటర్ చదివేటప్పుడు దాన్ని పట్టుకుని తిండి కూడా మరిచిపోయాడు రిత్విక్. ఈ కంప్యూటర్ చదువూ, కలకత్తాలో ఈ ఉద్యోగమూ దాని పుణ్యమేనంటాడు. అది నచ్చనివాళ్ళతో తనకి కుదరదని అతని నమ్మకం.

ధాత్రి ఆఫీసులో అతని పక్క సీటు. హౌరా పక్కనున్న లిలువా పిల్ల. శ్రీకాకుళం నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరిన తాత కాలం నుంచీ వాళ్ళ కుటుంబం అక్కడే. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ, చదవడం అంతంతమాత్రం. అందుకే కలకత్తా తెలుగువాళ్ళు నెలకో పుస్తకం చదివి జరుపుకునే పాఠకుల సమావేశానికి, ఇంగ్లీషు నవలల వంతు వచ్చిన నెలల్లోనే వస్తుంది.

ఆ నెల వంతు రిత్విక్ నవలదే. ఆ ఆదివారం భవానీపూర్‌లో హరిచరణ్ ఇంట్లో పాఠకులందరూ కూడారు. రిత్విక్ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కూర్చుంటాడు, లేస్తాడు, కిటికీ దాకా వెళ్తాడు, మంచినీళ్ళు తాగి మళ్ళీ వస్తాడు. అందరూ బెంగాలీ అలవాటుతో హరిదా అని పిలిచే హరిచరణ్, ఆ రచయిత జాతకం చెప్పినట్టే చెప్పాడనీ, మన ఫోన్లూ మన ఆఫీసులూ అన్నీ అందులోనే ఉన్నాయనీ మెచ్చుకున్నాడు. పాఠకుల్లో ఒకామె, సమీర, ఒప్పుకోలేదు. సగం పుస్తకం దాకా ఒక్క ముక్క అర్థం కాలేదనీ, ఎటు చూసినా వానా రంగు దీపాలే తప్ప మనసారా నవ్వే మనిషి ఒక్కడూ లేడనీ కడిగేసింది. ఇంకోరోజైతే రిత్విక్ ఆమె మీద యుద్ధానికి వెళ్ళేవాడే. ఇవాళ ఆ మాటలేవీ చెవికెక్కలేదు.

ధాత్రి వంతు వచ్చింది. తనకి చాలా నచ్చిందంది. రిత్విక్‌కి ప్రాణం లేచొచ్చింది.

వాడు తీగ తగిలించుకుని ఎక్కడెక్కడో తిరుగుతుంటే, గదిలో పడివున్న వాడి ఒంటిని చూసుకుంటూ ఒకమ్మాయి ఉంటుంది కదా, వాడి నోట్లో నీళ్ళు పోస్తుంది, తలుపు దగ్గర కాపలా కాస్తుంది, ఆమె ఏమవుతుందోనని చివరిదాకా వదలకుండా చదివానంది.

"ఆ పిల్ల నేకపోతే వాడు ఎప్పుడో పోయేవోడు. అంత పుస్తకంలో ఆ పిల్లకి పేరెట్టనేదు."

పేరు ఉందని రిత్విక్ గట్టిగా వాదించాడు. పుస్తకం లాక్కుని పేజీలన్నీ తిరగేశాడు. లేదు. అన్నిసార్లు చదివీ చూసుకోలేదని సిగ్గేసింది. అయినా సంతోషమే ఎక్కువైంది. నచ్చింది కదా, ఇంకేం కావాలి!

ఆమెని హౌరా బస్సెక్కించడానికి వెంట నడిచాడు. బస్టాపు చేరాడో లేదో, ఇక కడుపులో దాచుకోలేకపోయాడు.

"నువ్వు పాసైనవ్, తెలుసా?"

దేంట్లో అని అడిగింది. నవ్వుతూ అంతా చెప్పేశాడు. పెళ్ళి చేసుకుందామని కూడా అన్నాడు. ధాత్రి ముఖం ఎర్రబడింది.

"నచ్చనేదని సెప్పుంటే?"

ఒక్క మాట చాలు. 'అయినా అడిగేవాణ్ణి' అంటే సరిపోయేది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు, ఇతను ఒక్కటాడితే ఏం పోయింది? కానీ మన రిత్విక్ ఆలోచించడం మొదలుపెట్టాడు. నిజాయితీగానే ఆలోచించాడు, పాపం. ధాత్రి అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది. బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ హౌరా, హౌరా అని అరుస్తున్నాడు.

"ఇందులో ఆలోసించడానికేటుంది, రిత్విక్?"

బస్సెక్కేసింది.

"అయినా అడిగేటోణ్ణి" అన్న మాట బస్సు మలుపు తిరిగాక గానీ అతని నోటికి రాలేదు. అది నిజమో కాదో అతనికి అప్పటికీ తెలియదు.