ఖాళీ అవని సూదులు

మనసులో అసహ్యించుకుంటూ చేసిన సేవ దేవుడికి చేరుతుందా చేరదా అన్న సందేహం నాకు చాలా ఏళ్ళుగా ఉంది. పొద్దున్నే దీపం పెట్టి దణ్ణం పెట్టుకునేటప్పుడు అడుగుదామనుకుంటాను. ఆయన ఎక్కడ చేరదంటాడో అని భయం. చేరకపోతే ఇన్నేళ్ళ చాకిరీ ఏమైపోయినట్టు? అందుకని అడక్కుండానే అందరి క్షేమమూ కోరుకుని వంటింట్లోకి వెళ్ళిపోతాను.

ఆ శనివారం కూడా అలాగే వెళ్ళి, రెండు పూటలకీ వండి, ఏది ఏ గిన్నెలో ఉందో అత్తగారికి మూడుసార్లు చెప్పి, సంచీ భుజాన వేసుకున్నాను. సంచీలో మా ఆయన మేనేజరుగారి స్వెటరు ఉంది. వీపు, ఛాతీ, ఒక చెయ్యి అయిపోయాయి. రెండో చెయ్యి మోచేతి దాకా వచ్చి సూదుల మీదే ఆగిపోయింది. ఊలు చాలలేదు. "ఇన్నేళ్ళ నుంచీ అల్లుతున్నావు, ఎంత పడుతుందో ఆమాత్రం తెలీదా?" అన్నారు మా ఆయన. ఆ పెద్దమనిషి పొట్టకి అంత ఊలు పట్టడం కూడా నా తప్పే కాబోలు.

ఊలు ఉండకి చుట్టిన కాగితం పట్టీ మీద లాట్ నంబరని ఒకటి ఉంటుంది. ఒకే తొట్టిలో ఒకేసారి రంగు ముంచిన ఊలుకి ఒకే నంబరు. అది మారిందా, పేరుకి అదే బూడిద రంగైనా, ఎండలో చూస్తే ఒక చెయ్యి ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టుంటుంది. అందుకని శని, ఆదివారాలు ఊళ్ళో ఊలు కొట్లన్నీ తిరిగి ఆ నంబరే పట్టుకురమ్మన్నారు. "నీకూ షికారైనట్టుంటుంది" అన్నారు, వరమిచ్చినట్టు. ఆదివారం సాయంత్రం ఐదింటికి మేనేజరుగారు ఇంటికొస్తారు. స్వెటరు తొడిగి చూపించాలి, చెయ్యి సగమే ఉన్నా సరే. పై వారం ప్రమోషన్ల జాబితా.

ఊలు కొట్టంటే నాకు మామూలుగా ప్రాణం. పసిపిల్లల బుగ్గలు పుణికినట్టు ఉండల్ని పుణుకుతూ అరగంట నిలబడగలను. ఆ రోజు మాత్రం బూడిద రంగు ముట్టుకున్నప్పుడల్లా వేళ్ళకి జిడ్డు అంటినట్టయింది. మొదటి కొట్లో ముసలాయన పట్టీ చూసి పెదవి విరిచాడు. "ఇంట్లో ఖాళీగా కూర్చునేవాళ్ళకి మంచి కాలక్షేపం లెండి" అని కూడా అన్నాడు. నేను ఖాళీగా కూర్చున్న రోజేదో గుర్తు తెచ్చుకుంటూ మెట్లు దిగాను. రెండో కొట్టు కొత్తది, అంతా అద్దాలే. అక్కడి పిల్ల నా చేతిలోని పట్టీ వంక చూడకుండానే ఫోనులో వెతుక్కోమంది. మూడో దాంట్లో రంగు కలిసింది, నంబరు కలవలేదు.

బస్సులో కూర్చుంటే ఆ కొలతల రోజు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, రెండు నెలల్నుంచీ చూరు పట్టుకు వేలాడుతూనే ఉంది. మా ముందుగదిలో, మా ఆయన ఎదుటే, ఆ మనిషి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. చంకల్లోంచి పుల్లటి వాసన. నేను టేపు వీపు వెనక నుంచి తిప్పుతుంటే, "నెమ్మదిగా కొలవమనవోయ్, తొందరేముంది. మీ ఆవిడ చేతులు భలే వెచ్చగా ఉన్నాయి" అన్నాడు మా ఆయనతో. మా ఆయన నవ్వారు. కాఫీ కప్పు పట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వారు. నేను ఎన్నో చూశాను, వాంతులెత్తాను, మంచాన పడ్డ మామగారికి పక్కబట్టలు మార్చాను, ఎప్పుడూ ముక్కు మూసుకోలేదు. కానీ ఆ నవ్వు విన్నాక నా చేతులు ఎంత కడిగినా నాకు తృప్తి కలగలేదు. తర్వాత చెబితే, పెద్దాయన ఏదో సరదాకి అన్నాడు, నీ మనసులోనే ఉంది మురికి అన్నారు. అత్తగారు టీవీ మీంచి చూపు తిప్పకుండా, "కొలవనిదే కొలతలెలా వస్తాయే, విడ్డూరం కాకపోతే" అన్నారు.

ఆదివారానికి ఒక్క కొట్టే మిగిలింది. దాన్ని చివరికి వదలడానికి కారణముంది. ఎనిమిదేళ్ళ కిందట అత్తగారి శాలువాకి సరైన సూదులు దొరక్క ఆ కొట్టుకి వెళ్తే, అమ్మేవి అయిపోయాయని, ఆ యజమానురాలు తన సొంత వెదురు సూదులు ఇచ్చింది. వాళ్ళమ్మ వాడినవట. చేతుల నూనె పట్టి తేనెరంగుకి వచ్చాయి. శాలువా అయ్యాక తెచ్చిచ్చెయ్యమంది. శాలువా అయ్యేసరికి ఆడపడుచు పిల్లల టోపీలు, అవి అవుతుండగానే మరిది స్వెటరు, ఆపైన ఆఫీసువాళ్ళవి, ఇప్పుడు ఈ మేనేజరుగారిది. సూదులు ఒక్కరోజూ ఖాళీ అవలేదు. రెండు పుల్లల కోసం బస్సెక్కుతావా అని మా ఆయన ఎద్దేవా చేశారు. సిగ్గుతో నేను ఆ వీధి వైపే వెళ్ళడం మానేశాను.

ఆవిడ జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు. పట్టీ తీసుకుని లోపలికెళ్ళి, దుమ్ము దులుపుకుంటూ రెండు ఉండలు తెచ్చి బల్లమీద పెట్టింది. అదే నంబరు. "అదృష్టవంతురాలివమ్మా, ఇవే ఆఖరు" అంది.

అప్పుడే ఫోను మోగింది. దొరికిందా అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే మా ఆయన హుషారుగా, "సార్ బయల్దేరారట. నువ్వే దగ్గరుండి తొడగాలట, నా చేత్తో తొడిగితే ఒప్పుకోరట" అని నవ్వారు. అదే నవ్వు.

"దొరికిందండీ" అన్నాను. "నేను కొనడం లేదు."

"అదేమిటి?"

"నేను ఆయన్ని ముట్టుకోను. ఇవాళే కాదు, ఎప్పుడూ."

అటు నుంచి తన ప్రమోషను, పరువు, నా పొగరు అంటూ చాలా వినబడ్డాయి. "మీ ప్రమోషనుకి మీ చేతులున్నాయి కదండీ" అని ఫోను పెట్టేశాను. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

ఆవిడ ఏమీ ఎరగనట్టు ఉండలు సర్దుతోంది. నేను సంచీలోంచి స్వెటరు తీసి బల్లమీద పరిచాను. రెండో చేతిలోంచి ఒక సూది లాగాను.

"కుట్లు జారిపోతాయమ్మా" అంది ఆవిడ గాభరాగా.

"పోనివ్వండి."

రెండో సూదీ లాగాను. కుట్లన్నీ నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. సూదుల్ని చేతిరుమాలుతో మొదటి నుంచి చివరి దాకా తుడిచి, రెండు చేతులతో ఆవిడకిచ్చాను. "మీ అమ్మగారివి. ఎనిమిదేళ్ళు ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి" అన్నాను.

ఆవిడ నన్ను కాదు, వాటినే చూసింది. వంకర పోయాయేమోనని ఒక్కొక్కటీ కంటి దగ్గర పెట్టుకుని పరీక్షించి, తిన్నగానే ఉన్నాయని తృప్తిపడి, తన కొప్పులో దోపుకుంది.