ఒక్క చార వెలుగు

పాత సినిమాలు బాగుచేసే గదిలో, అక్కడ పనిచేసే తమ్ముడి కూతురి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు లైట్‌మ్యాన్. ఆయన భార్య నటించింది ఆ ఒక్క సినిమాలోనే. ఇంట్లో ఆమె ఫొటోలు రెండున్నాయి. రెండింట్లోనూ ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఆమె పోయి పదకొండేళ్లు. ఆ ముఖం కదులుతుండగా ఒక్కసారి చూడాలని వచ్చాడు.

తెర మీద గది. కుర్చీలో ఆడమనిషి. ఒళ్లో చేతులు కనిపిస్తున్నాయి. మెడ పైనంతా చీకటి.

"పెదనాన్నా, పెద్దమ్మ ముఖమేదీ?"

"చీకట్లో ఉంది."

"అది తెలుస్తూనే ఉంది. పెట్టిందెవరు?"

"నేనే."

అది హత్య కథ. దర్శకుడు యుద్ధానికి జడిసి సరిహద్దు దాటి వచ్చినవాడు. నీడలతో కథ చెప్పడం తన దేశంలోనే నేర్చుకున్నాడు. ఇక్కడ సెట్టుకు గోడలు మూడు, లైట్లు రెండు. లేని గోడను చీకటితో కప్పారు. మోసం చేసే ఆడదాని ముఖం చూపకూడదన్నది ఆయన నియమం. లైట్‌మ్యాన్ భార్యది ఆ వేషమే. లైట్‌మ్యాన్ కిటికీ పలకలన్నీ మూసి ఒక్క సందు వదిలాడు. ఆమె లేచి నిలబడ్డాక ఆ సందులోంచి వచ్చే వెలుగు చార మెడ మీద పడాలి, అంతే.

తమ్ముడి కూతురు వెలుతురు పెంచింది. చీకటి బూడిదరంగుకు తిరిగింది. అందులో ఇసుక రేణువుల్లాంటి చుక్కలే ఉన్నాయి.

"వెలుగు పడనిచోట ఫిల్ము మీద ఏమీ ఉండదు తల్లీ. తెలిసే వచ్చాను, ఆశ చావక."

"మసిపూసి మారేడుకాయ చేస్తారంటారు. మీరు మసి పూసి అక్కడితో ఆపేశారు!"

ఆయన నవ్వాడు. "మీ పెద్దమ్మా ఊరుకోలేదులే. చటుక్కున లేవవే అంటే, నేనేమన్నా స్ప్రింగునా అని నెమ్మదిగా లేచింది. మళ్లీ తీయడానికి ఫిల్ము లేదు. ఆ రోజంతా నేను తనతో మాట్లాడలేదు."

"నెమ్మదిగానా?" తమ్ముడి కూతురు సినిమాలో ఆమె లేచే చోటికి వెళ్లి, ఫిల్ము మీది బొమ్మలను ఒక్కొక్కటిగా నడిపింది.

మామూలు వేగంలో తటాలున దాటిపోయే వెలుగు చార ఇప్పుడు ఆగింది. ముందు నుదుటి మీద. తర్వాత కనుబొమల మీద. కళ్లు. ముక్కు. పై పెదవి. గడ్డం దాకా ఇరవై ఏడు బొమ్మలు. చెప్పినట్టు లేచి ఉంటే నాలుగైదు కూడా దొరికేవి కావు.

లైట్‌మ్యాన్ ముందుకు వంగాడు.

"పెదనాన్నా, ఇవన్నీ కలిపితే నిండు ముఖం వస్తుంది. ఫొటో చేసిస్తాను."

"ఫొటోలు రెండున్నాయమ్మా."

"మరేం చెయ్యమంటారు?"

ఆయన కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు. "కూర్చోబెట్టు. మళ్లీ లేవనీ. తొందరేం లేదు, నెమ్మదిగానే లేవమను."