చేతులు మారిన కత్తి

వేట కాలం మొదలయ్యే రోజున తుపాకీ ఐలి భుజాన ఉండటం అదే మొదటిసారి. పెళ్లయిన నాటి నుంచీ ఆమె పని వంటింటి బల్ల దగ్గరే మొదలయ్యేది. భర్త వైనో అడవిలో జింకను కొట్టి, అక్కడే పొట్ట కోసి లోపలిదంతా తీసేసి, మంచు మీద ఈడ్చుకొచ్చేవాడు. దాన్ని ముక్కలు చేసి, కైమా పట్టి, కాగితాల్లో చుట్టి చలిపెట్టెలో సర్దటం ఆమె వంతు.

కానీ కొంతకాలంగా వైనో చేతులు వణుకుతున్నాయి. కిందటేడు అతను పేల్చిన గుండు తగలాల్సిన చోట తగల్లేదు. పొట్టలో దెబ్బతిన్న జింక దేవదారు చెట్ల చిత్తడినేలలోకి పోయింది. చీకటి పడేదాకా ఇద్దరూ నెత్తురు చుక్కల వెంట తిరిగినా దొరకలేదు. ఇంటికొచ్చి వైనో ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో పొయ్యి కూడా వెలిగించకుండా ఒక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాత తుపాకీ ముట్టుకోలేదు.

ఈ ఏడు వేటకు అనుమతి ఐలి తన పేరున తెచ్చుకుంది.

"నువ్వా? ఉడత చచ్చిపడుంటే అయ్యో అంటావు కదే!" అన్నాడు వైనో.

"ఉడతను మనం తినం కదా. చలికాలమంతా కొట్లో కొన్న కోడి తిని నువ్వు సణుగుతుంటే వినడం నావల్ల కాదు. పక్కన కూర్చుని ఎప్పుడు పేల్చాలో చెప్పు, చాలు."

తెల్లవారేసరికి ఇద్దరూ తమ అడవిలోని చెక్కగదిలో మాటు వేసి ఉన్నారు. బయట మంచు సన్నగా రాలుతోంది. చాలాసేపటికి ఫర్ చెట్ల మధ్య నుంచి చీలిన కొమ్ముల మగ జింక ఒకటి తల వంచుకుని వచ్చింది. ఐలి తుపాకీ ఎత్తింది.

"ఇప్పుడు కాదు," వైనో ఆమె చెవిలో అన్నాడు. "పక్కకి తిరగనీ... ఊపిరి వదులు... ఇప్పుడు."

తుపాకీ మోత తగ్గేసరికి జింక అక్కడ లేదు. ఐలి లేవబోయింది.

"కూర్చో. కాఫీ తాగు. గుండు తగిలింది. ఇప్పుడే వెంటపడితే పడుకున్నది లేచి పరిగెడుతుంది."

"కాఫీయా! నా చేతుల్లో ఫ్లాస్కు నిలవట్లేదు."

"ఇప్పుడు తెలిసిందా నా బాధ," అన్నాడు వైనో. ఇద్దరూ నోళ్లు మూసుకుని నవ్వుకున్నారు.

జింక ఎంతో దూరం పోలేదు. పడిపోయిన చెట్టు పక్కన మంచులో ప్రాణం లేకుండా ఉంది. ఐలి చేతితొడుగు తీసి దాని మెడ మీద చెయ్యి వేసింది. వైనో టోపీ తీసి, కాసేపు నిలబడి, మళ్లీ పెట్టుకున్నాడు.

తర్వాత కత్తి తీశాడు. "ఇటు తిప్పుదాం. తల ఎత్తువైపు ఉండాలి. ఇక నువ్వు పక్కకి జరుగు, ఇది నా పని."

ఐలి కత్తి మొనను చూసింది. అది గాలిలో ఆడుతోంది. నేను చేస్తానని నాలుక చివరిదాకా వచ్చింది. అతని ముఖం చూసి ఆగిపోయింది.

పొట్ట కింది భాగంలో తోలు పైకి లాగి, సన్నగా గంటు పెట్టి, రెండు వేళ్లు లోపలికి దూర్చి, వాటి మధ్య కత్తి పదును పైకి ఉండేలా నడపాలి. లోపలున్న పేగులకు మొన తగలకూడదు. ఎన్నో ఏళ్లుగా వైనో కళ్లు మూసుకుని చేసిన పని అది. ఇప్పుడు తోలు వంకరగా చిరిగింది. మళ్లీ గంటు పెట్టబోయాడు. కత్తి జారి లోతుగా దిగింది. పచ్చటి నీళ్లు చిమ్మాయి, వాటితో పాటు పులిసిన గడ్డి కంపు లేచింది.

వైనో వెనక్కి మంచులో కూలబడ్డాడు. కత్తి మోకాలి మీద పెట్టుకుని చెట్లకేసి చూస్తూ ఉండిపోయాడు. ఫర్వాలేదని చెప్తే అతను లేచి ఇంటికి నడిచేస్తాడని ఐలికి తెలుసు. అందుకని కోటు విప్పి, చొక్కా చేతులు పైకి మడిచి, మోకాళ్ల మీద కూర్చుంది.

"త్వరగా చెప్పు. ముందేం చెయ్యాలి? కూర్చుంటే మాంసం పాడవుతుంది."

అతను ఆమె మడిచిన చొక్కా చేతులకేసి చూశాడు. తర్వాత కత్తి తిప్పి, పిడి ఆమెవైపు చాపాడు.

"ముందు దారి పూర్తిగా తెరువు. వేళ్లు కింద, పదును పైకి. ఆఁ, అలా... రొమ్ము ఎముక దాకా. నేను కాలు పట్టుకుంటా."

వెనక కాలిని పక్కకి లాగి, తన బరువంతా వేసి పట్టుకున్నాడు. ఐలి కోసుకుంటూ పోతుండగా జింక ఒళ్లు ఆమె చేతి కింద సన్నగా అదిరింది. ఆమె కెవ్వుమని కత్తి వదిలేసింది.

"బతికే ఉంది!"

"లేదే," అన్నాడు వైనో. "అది నేను."

ఐలి అతనికేసి చూసింది. అతని చేతుల వణుకు కాలి మీదుగా జింక ఒంట్లోకి పాకుతోంది. నవ్వు ఆమెకే ముందు వచ్చింది. వైనో కూడా ఆపుకోలేకపోయాడు. కళ్లు తుడుచుకోవడానికి చేతులు శుభ్రంగా లేక ఇద్దరూ అలాగే ఉండిపోయారు.

తర్వాత పని సాగింది. గుండెకూ పొట్టకూ మధ్యనుండే పొరను చుట్టూ కోసింది. మోచేతులు దాటి చేతులు లోపలికి పోనిచ్చి, తడుముకుని ఊపిరిగొట్టం తెంపింది. "ఇక రెండు చేతులా లాగు" అని వైనో అనగానే లోపలిదంతా ఒక్కసారిగా మంచు మీదికి జారింది. గుండె, కార్జం పక్కన పెట్టారు. జింకను బోర్లించి నెత్తురు కారనిచ్చారు. పచ్చనీళ్లు తగిలిన చోటల్లా మంచుతో రుద్ది తుడిచారు. వెన్ను లోపలి మెత్తటి కండ ఒక వైపు పూర్తిగా పాడైంది. దాన్ని కోసి పారేస్తుంటే వైనో తల తిప్పుకున్నాడు. వాళ్లు కాస్త దూరం పోగానే కాకులు దిగాయి.

మర్నాడు పక్కింటి రూబెన్ వచ్చాడు. గ్యారేజీలో వెనక కాళ్లకు కట్టి వేలాడదీసిన జింక చుట్టూ తిరిగి, పైనున్న చిరుగును వేలితో తాకాడు.

"ఇదేంటి ఐలీ, ఎలుక కొరికిందా? తోలంతా చించి పెట్టావు."

రూబెన్‌కు వణుకు సంగతి తెలియదు. అతని ముందు వైనో ఎప్పుడూ చేతులు జేబుల్లోనే ఉంచేవాడు.

"కొత్త కదా," అంది ఐలి. "వచ్చే ఏడు నేర్చుకుంటాలే."

"అది ఆవిడ కోసింది కాదు," అన్నాడు వైనో. రెండు చేతులూ బయటికి తీసి రూబెన్ ముందు చాపాడు. అవి వాటి పని అవి చేసుకుపోతున్నాయి. "ఆ పైన పాడు చేసింది నేను. అక్కణ్ణుంచి కింది దాకా చక్కగా ఉన్నదంతా ఆవిడది. గుండు కూడా ఆవిడదే."

రూబెన్ ఆ చేతులకేసి చూశాడు. "డాక్టరు ఏమన్నాడు?"

"తగ్గదన్నాడు."

రూబెన్ మళ్లీ జింక దగ్గరికి పోయి, ఈసారి వంగి లోపలంతా శ్రద్ధగా చూశాడు. "శుభ్రంగా తీశావు ఐలీ," అన్నాడు. తర్వాత ముగ్గురూ లోపలికెళ్లి యాలకుల రొట్టెతో కాఫీ తాగారు. వెళ్లేటప్పుడు రూబెన్ వైనో భుజం మీద చెయ్యి వేసి, కాసేపు తియ్యలేదు.

ఆ వారాంతంలో బల్ల మీద మాంసం పరిచారు. ఐలి కండల మీది పొరలు ఒలిచి, ముక్కలకు పంది కొవ్వు కలిపి కైమా మిషన్‌లో వేస్తుంటే వైనో పిడి తిప్పుతున్నాడు.

"భయమేసిందా, లోపల చెయ్యి పెట్టినప్పుడు?" అని అడిగాడు.

"భయం కాదు. వెచ్చగా ఉంది. గడ్డకట్టిన వేళ్లు హాయిగా ఉన్నాయి. హాయిగా ఉన్నందుకు సిగ్గేసింది." ఐలి ఇంకో ముక్క మిషన్‌లో వేసింది. "ఇన్నేళ్లలో నువ్వెప్పుడూ ఇలా ఉంటుందని చెప్పలేదే?"

వైనో తిప్పడం ఆపాడు. "మొదటిసారి నాకూ అలాగే అనిపించింది. ఏడ్చాను. నాన్న చూడకుండా మంచుతో ముఖం కడుక్కున్నా. ఇలాంటివి ఎవరికి చెప్పుకుంటారే?"

"నాకు," అంది ఐలి. "తిప్పు, కొవ్వు కరుగుతోంది."

వైనో మళ్లీ పిడి అందుకున్నాడు. తన నాన్న గురించి, ఆ మొదటి జింక గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఐలి కైమాను కాగితాల్లో చుడుతూ వింటోంది.